చర్చి సంవత్సరం: తేదీలు మీరే లెక్కకట్టి, కాలాలను ఇంట్లో పాటించడం ఎలా?

ఏటా జనవరి దాటగానే నన్ను ఇవే ప్రశ్నలు అడుగుతారు. "ఈసారి భస్మ బుధవారం ఎప్పుడు?" "తపస్సు కాలం నలభై రోజులంటారు, నేను లెక్కపెడితే నలభై ఆరు వస్తున్నాయేంటి?" "పోయిన ఏడు ఈస్టర్ ఏప్రిల్లో వచ్చింది కదా, ఈసారి మార్చిలోనే ఎలా వస్తుంది?" నవంబరు చివరికొచ్చేసరికి ఇంకొకటి: "ఆగమన కాలం డిసెంబరు 1న కాదా మొదలయ్యేది?"

తేదీ చెప్పి పంపడం తేలికే. కానీ ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. అందుకే లెక్క ఎలా కట్టాలో, కట్టాక ఆ కాలాన్ని ఇంట్లో ఎలా గడపాలో ఒకేచోట రాస్తున్నాను. ఒక సాయంత్రం కూర్చుంటే పట్టిక తయారవుతుంది. పాటించడానికి మాత్రం ఏడాదంతా పడుతుంది.

ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. చర్చి సంవత్సరం రెండు గుంజలకు కట్టి ఉంటుంది. ఒకటి క్రిస్మస్: తేదీ కదలదు, వారం మారుతుంది. రెండోది ఈస్టర్: వారం కదలదు, తేదీ మారుతుంది. ఒక్కో గుంజకు ముందు సిద్ధపడే కాలం, తరువాత సంతోషించే కాలం ఉంటాయి. మిగిలినదంతా సామాన్య కాలం. ఈ రెండు తేదీలు దొరికితే మిగతావన్నీ ముందుకో వెనక్కో లెక్కపెట్టుకోవడమే.

పేర్ల దగ్గర తికమకపడకండి. క్రిస్మస్‌కు ముందు సిద్ధపడే కాలాన్ని ఆగమన కాలమన్నా ఆడ్వెంట్ అన్నా ఒకటే. ఈస్టర్‌కు ముందు సిద్ధపడే తపస్సు కాలం, లెంట్, శ్రమల కాలం ఒకటే. పాస్కా, ఈస్టర్, పునరుత్థాన పండుగ ఒకటే. మీ సంఘంలో ఏది వాడుకలో ఉంటే అదే రాసుకోండి.

కావలసినవి

- ఈ ఏటి క్యాలెండరూ వచ్చే ఏటి క్యాలెండరూ, రెండూ. చర్చి సంవత్సరం నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో మొదలవుతుంది కాబట్టి ఒకటి చాలదు.
- పెన్సిలు. పెన్నుతో ఇప్పుడే రాయొద్దు.
- ఊదా, తెలుపు (లేదా బంగారు రంగు), ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు.
- బైబిలు.
- నాలుగు చిన్న కొవ్వొత్తులు, ఒక పెద్ద కొవ్వొత్తి.
- మీ గుడిలో వాక్యపఠనాల పట్టిక ఇస్తుంటే అదీ దగ్గర పెట్టుకోండి. చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

1. మీ సంఘం ఏ లెక్కలో ఉందో తేల్చుకోండి

కతోలిక, లూథరన్, ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు 1582లో వచ్చిన గ్రెగోరియన్ లెక్కను పాటిస్తాయి. కింద చెప్పేది ఆ లెక్కే. ఆర్థడాక్స్ సంఘాల్లో ఎక్కువ భాగం ఈస్టర్‌కు పాత జూలియన్ లెక్కను వాడతాయి. అందుకే 2026లో ఒక ఈస్టర్ ఏప్రిల్ 5న, మరొకటి ఏప్రిల్ 12న. 2025లో మాత్రం ఇద్దరికీ ఏప్రిల్ 20నే వచ్చింది. మీది ఆర్థడాక్స్ సంఘమైతే తేదీలు మీ గుడిలోనే అడిగి తీసుకోండి, ఇక్కడి పట్టిక మీకు సరిపోకపోవచ్చు. పైగా వారికి సాధారణంగా భస్మ బుధవారం ఉండదు, ఈస్టర్ ముందరి పెద్ద ఉపవాసం సోమవారం మొదలవుతుంది.

ఈ కాలాలను అసలు పాటించని సంఘాలూ ఉన్నాయి. మీది అలాంటిదైనా ఇంట్లో పాటించుకోవడానికి అడ్డేమీ లేదు. దీన్ని చేసినవారు గొప్ప, చేయనివారు తక్కువ అనే లెక్క మాత్రం పెట్టుకోవద్దు.

2. మొదటి గుంజ: క్రిస్మస్ నుంచి వెనక్కి

డిసెంబరు 25 దగ్గర వేలు పెట్టండి. దానికి ముందున్న నాలుగు ఆదివారాలను వెనక్కి లెక్కపెట్టండి. నాలుగో దగ్గర ఆగితే అదే ఆగమన కాలం మొదటి ఆదివారం, చర్చి సంవత్సరానికి మొదటి రోజు.

2026 క్రిస్మస్ శుక్రవారం. వెనక్కి డిసెంబరు 20, 13, 6, నవంబరు 29. అంటే ఆ ఏడు ఆగమనం నవంబరు 29న మొదలు.

ఇక్కడ రెండు చోట్ల తప్పు దొర్లుతుంది. క్రిస్మస్ ఆదివారమే వస్తే ఆ ఆదివారాన్ని కూడా కలిపి లెక్కపెడతారు, కలపకూడదు. క్రిస్మస్ సోమవారం వస్తే డిసెంబరు 24 ఆదివారాన్ని వదిలేస్తారు, వదలకూడదు. అదే నాలుగో ఆదివారం. 2028లో ఇలాగే జరుగుతుంది: ఆగమనం డిసెంబరు 3న మొదలై 22 రోజులే ఉంటుంది. ఎక్కువంటే 28 రోజులుంటుంది.

సరిచూసుకునే పద్ధతి: మీకు వచ్చిన తేదీ నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్యే ఉండాలి. బయట పడిందంటే ఒక ఆదివారం తప్పిందన్నమాటే.

3. రెండో గుంజ: ఈస్టర్ తేదీ

మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే నిండు చంద్రుడి తరువాతి ఆదివారం ఈస్టర్. అందరికీ తెలిసిన సూత్రమే. కానీ అందరూ జారిపడేదీ ఇక్కడే, ఎందుకంటే క్యాలెండరులో పౌర్ణమి చూసి లెక్కకడతారు. చర్చి వాడేది ఆకాశంలోని పౌర్ణమి కాదు, పట్టికలో ముందే రాసిపెట్టిన పౌర్ణమి. రెండూ ఎక్కువసార్లు దగ్గరదగ్గరగానే ఉంటాయి. 2019లో మాత్రం తేడా కొట్టింది. మార్చి 21నే పౌర్ణమి కాబట్టి ఈస్టర్ మార్చి 24న అని చాలామంది అనుకున్నారు. చర్చి పట్టిక ప్రకారం ఆ ఏటి పౌర్ణమి ఏప్రిల్ 18, ఈస్టర్ ఏప్రిల్ 21.

కాబట్టి ఆకాశం వైపు చూడకుండా ఇలా చేయండి. సంవత్సరాన్ని 19తో భాగించండి. మిగిలిన శేషానికి ఎదురుగా ఉన్న తేదీ తీసుకోండి. 1900 నుంచి 2199 దాకా ఇదే పట్టిక:

- శేషం 0: ఏప్రిల్ 14
- 1: ఏప్రిల్ 3
- 2: మార్చి 23
- 3: ఏప్రిల్ 11
- 4: మార్చి 31
- 5: ఏప్రిల్ 18
- 6: ఏప్రిల్ 8
- 7: మార్చి 28
- 8: ఏప్రిల్ 16
- 9: ఏప్రిల్ 5
- 10: మార్చి 25
- 11: ఏప్రిల్ 13
- 12: ఏప్రిల్ 2
- 13: మార్చి 22
- 14: ఏప్రిల్ 10
- 15: మార్చి 30
- 16: ఏప్రిల్ 17
- 17: ఏప్రిల్ 7
- 18: మార్చి 27

ఆ తేదీ తరువాత వచ్చే ఆదివారమే ఈస్టర్. ఆ తేదీ స్వయంగా ఆదివారమైతే అదే రోజు కాదు, తరువాతి ఆదివారం. 2025లో అలాగే అయింది: శేషం 11, ఏప్రిల్ 13, అది ఆదివారం, అందుకని ఈస్టర్ ఏప్రిల్ 20.

2027కు చేసి చూద్దాం. 2027ను 19తో భాగిస్తే శేషం 13. ఎదురుగా మార్చి 22, ఆ రోజు సోమవారం. తరువాతి ఆదివారం మార్చి 28. ఈస్టర్ అదే. 2028కి శేషం 14, ఏప్రిల్ 10, ఈస్టర్ ఏప్రిల్ 16. 2029 మీరే చేయండి. ఏప్రిల్ 1 వస్తే పద్ధతి మీకు పట్టుబడినట్టే.

మీకు వచ్చిన తేదీ మార్చి 22కు ముందు గానీ ఏప్రిల్ 25 తరువాత గానీ ఉండకూడదు.

4. ఈస్టర్ నుంచి ముందుకూ వెనక్కీ

రోజులు లెక్కపెట్టకండి, వారాలు లెక్కపెట్టండి. తప్పులు సగం ఇక్కడే పోతాయి.

ఈస్టర్ నుంచి వెనక్కి: ఒక ఆదివారం వెనక మట్టల ఆదివారం. ఆరు ఆదివారాలు వెనక తపస్సు కాలం మొదటి ఆదివారం. దానికి ముందున్న బుధవారం భస్మ బుధవారం, తపస్సు కాలం మొదలయ్యే రోజు.

ఈస్టర్ నుంచి ముందుకు: ఆరో గురువారం, ప్రభువు పరలోకానికి ఎక్కిపోయిన ఆరోహణ పండుగ (కొన్ని చోట్ల దాన్ని ఆ తరువాతి ఆదివారానికి జరుపుతారు). ఏడో ఆదివారం, శిష్యుల మీద పరిశుద్ధాత్మ దిగిన పెంతెకోస్తు. ఎనిమిదోది త్రిత్వ ఆదివారం. ఈస్టర్‌ను ఇందులో కలపకండి, దాని తరువాతి ఆదివారం నుంచే ఒకటి అని మొదలుపెట్టండి.

2027కు ఇలా వస్తాయి: భస్మ బుధవారం ఫిబ్రవరి 10, మట్టల ఆదివారం మార్చి 21, మంచి శుక్రవారం మార్చి 26, ఈస్టర్ మార్చి 28, ఆరోహణం మే 6, పెంతెకోస్తు మే 16, త్రిత్వ ఆదివారం మే 23.

హెచ్చరిక: రోజుల లెక్కన 46 వెనక్కి పోయేవారు లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29ని మరిచిపోతారు. 2024లో ఈస్టర్ మార్చి 31, భస్మ బుధవారం ఫిబ్రవరి 14. ఆ ఒక్క రోజు మరిస్తే ఫిబ్రవరి 13, మంగళవారం వస్తుంది. మీ భస్మ బుధవారం బుధవారం కాకపోతే లెక్క మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఇక ఆ నలభై, నలభై ఆరు గొడవ. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజైన శనివారం దాకా 46 రోజులు. అందులో ఆదివారాలు ఆరు. ప్రతి ఆదివారమూ ప్రభువు లేచిన రోజు కాబట్టి దాన్ని ఉపవాస దినంగా లెక్కించరు. ఆరు తీసేస్తే నలభై. లెక్క సరిగ్గానే ఉంది.

5. సామాన్య కాలాన్ని నింపండి

క్రిస్మస్ కాలం ప్రభువు బాప్తిస్మ పండుగతో ముగుస్తుంది. 2027లో అది జనవరి 10. మరునాటి నుంచి భస్మ బుధవారం ముందు రోజు దాకా సామాన్య కాలం మొదటి భాగం. పెంతెకోస్తు మరునాటి నుంచి ఆగమనానికి ముందు శనివారం దాకా రెండో భాగం. సామాన్యమంటే చప్పిడిదని కాదు, వరస సంఖ్యతో పిలిచే వారాలని అర్థం.

కతోలికులైతే వారాల సంఖ్య కూడా వేసుకోవాలి. మొదటి భాగాన్ని ముందు నుంచి లెక్కపెట్టండి, రెండో భాగాన్ని వెనక నుంచి. ఆగమనానికి ముందు ఆదివారం క్రీస్తురాజు పండుగ, అది ఎప్పుడూ 34వ ఆదివారమే. అక్కడి నుంచి వెనక్కి రండి. 2027లో చేస్తే ఒక చిత్రం కనిపిస్తుంది: మొదటి భాగం 5వ వారంలో ఆగిపోతుంది, పెంతెకోస్తు తరువాత 7వ వారం మొదలవుతుంది. ఆరో వారం ఏమైందని కంగారుపడకండి. కొన్ని సంవత్సరాల్లో 33 వారాలే పడతాయి, మధ్యలో ఒకటి జారిపోతుంది. మిగతా సంఘాలవారు "పెంతెకోస్తు తరువాత" లేదా "త్రిత్వ ఆదివారం తరువాత" ఎన్నో ఆదివారమని లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

6. ఏ సువార్త ఏడాదో రాసుకోండి

1969 సంస్కరణలతో కతోలిక సంఘంలో ఆదివారపు పఠనాలు మూడేళ్ల చక్రంలోకి వచ్చాయి. 1992లో వెలువడిన ఉమ్మడి పఠనాల పట్టిక వాడే ప్రొటెస్టెంటు సంఘాలదీ అదే వరస. ఆ మూడేళ్లకు 'ఏ' (A), 'బి' (B), 'సి' (C) అని పేర్లు: 'ఏ' సంవత్సరం మత్తయి, 'బి' సంవత్సరం మార్కు, 'సి' సంవత్సరం లూకా. యోహాను సువార్త ఎక్కువగా పాస్కా కాలంలోనూ తపస్సు కాలంలోనూ వినిపిస్తుంది.

సంవత్సరాన్ని 3తో భాగించండి. శేషం 1 అయితే ఏ, 2 అయితే బి, ఏమీ మిగలకపోతే సి. 2026 ఏ, 2027 బి, 2028 సి. ఒక్క జాగ్రత్త: ఇది జనవరిలో మారదు, ఆగమనం మొదటి ఆదివారం మారుతుంది. 2026 నవంబరు 29న గుడిలో వినబడేది 2027 లెక్క, అంటే మార్కు.

7. రంగులు వేయండి

ఆగమనానికీ తపస్సు కాలానికీ ఊదా. కొన్ని సంఘాల్లో ఆగమనానికి నీలం వాడతారు. ఆగమనం మూడో ఆదివారం, తపస్సు కాలం నాలుగో ఆదివారం గులాబీ, సగం దారి దాటామన్న ఊరటకు గుర్తుగా. క్రిస్మస్, పాస్కా కాలాలకు తెలుపు. పెంతెకోస్తుకూ హతసాక్షుల పండుగలకూ ఎరుపు. సామాన్య కాలానికి ఆకుపచ్చ, కానీ త్రిత్వ ఆదివారమూ క్రీస్తురాజు పండుగా తెలుపే. మట్టల ఆదివారానికీ మంచి శుక్రవారానికీ సంఘాన్ని బట్టి మారుతుంది. కతోలికులకు రెండింటికీ ఎరుపు.

రంగులు వేశాక పట్టికను చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. ఊదా పట్టీ తరువాత తెల్ల పట్టీ రెండుసార్లు కనిపించాలి. ఈస్టర్ తరువాతి తెల్ల పట్టీ దానికి ముందున్న ఊదా పట్టీకన్నా పొడవుండాలి. లేకపోతే ఈస్టర్‌కు ఒక్క రోజే రంగు వేసి వదిలేశారన్నమాట. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. పట్టికలోనే కాదు, జీవితంలోనూ.

8. కాలానికొక అలవాటు పెట్టుకోండి

ఇక్కడిదాకా లెక్క. అసలు పని ఇప్పుడు మొదలు. ముందుగా ఒక మాట, బతిమాలి చెబుతున్నాను: ఒక్కో కాలానికి ఒక్క అలవాటు చాలు. నేనొక ఏడు తపస్సు కాలానికి ఏడు నియమాలు రాసుకున్నాను. రెండో వారానికి ఒక్కటీ మిగల్లేదు. ఆ మరుసటి ఏడు పొద్దున్నే ఒక కీర్తన చదవడం ఒక్కటే పెట్టుకున్నాను, చివరిదాకా నిలిచింది.

*ఆగమన కాలం.* గుండ్రని పళ్లెంలోనో పచ్చని కొమ్మల చుట్టలోనో నాలుగు కొవ్వొత్తులు పెట్టండి. మూడు ఊదా, ఒకటి గులాబీ దొరికితే సరే, లేకపోతే నాలుగూ తెల్లవైనా ఫరవాలేదు. 1839లో హాంబర్గ్‌లో వికెర్న్ అనే పాస్టరు తన ఆశ్రమంలోని పిల్లల కోసం మొదటిసారి వెలిగించినప్పుడు ఆదివారాలకు పెట్టిన పెద్దవి తెల్ల కొవ్వొత్తులే. మొదటి వారం ఒకటి, రెండో వారం రెండు, అలా పెంచుతూ పోవాలి. వారానికొక్కటి మాత్రమే వెలిగించి పాతది ఆర్పేస్తే వెలుగు పెరగదు, అసలు సంగతే పోతుంది. గులాబీది మూడో వారం వెలిగించాలి, చివర్లో కాదు. కొమ్మలు ఎండిపోతే ఇట్టే అంటుకుంటాయి కాబట్టి వారం వారం మార్చండి, వెలుగుతుండగా గది వదిలి వెళ్లొద్దు.

వెలిగించాక యెషయా గ్రంథంలో కొంచెం చదవండి: మొదటి వారం 2వ అధ్యాయం, తరువాత 11, 35, 7 అధ్యాయాలు. డిసెంబరు 17 నుంచి లూకా 1వ అధ్యాయానికి మారండి. ఈ కాలం మొదటి సగం ప్రభువు తిరిగి రావడం గురించి, బేత్లెహేము గురించి కాదు. చాలామందికి ఇది కొత్తగా అనిపిస్తుంది. ఎదురుచూడటం నేర్పే కాలమిది. డిసెంబరు మొదటి వారంలోనే పండుగ మొత్తం చేసేసుకుంటే 25న చేతిలో ఏమీ మిగలదు.

*క్రిస్మస్ కాలం.* 26న నక్షత్రం దించకండి. జనవరి 6 దాకానైనా ఉంచండి. 26న స్తెఫను, 27న యోహాను, 28న హేరోదు చంపించిన పసిపిల్లల జ్ఞాపకం. ఈ మూడు రోజులూ ఆ కథలు చదివితే పశువుల తొట్టికీ సిలువకూ ఎంత దగ్గరో పిల్లలకు కూడా అర్థమవుతుంది.

*తపస్సు కాలం.* భస్మ బుధవారం చదివేది మత్తయి 6వ అధ్యాయం. అందులో దానం, ప్రార్థన, ఉపవాసం మూడూ ఉన్నాయి. మూడింటికీ ఒక్కొక్క చిన్న పని పెట్టుకుంటే ఈ కాలం నిలబడుతుంది. ఉదాహరణకు రాత్రి పది నిమిషాల ప్రార్థన, శుక్రవారం ఒక పూట భోజనం మానడం, మానిన పూట ఖర్చును ఒక డబ్బాలో వేసి ఈస్టర్‌కు ముందు అవసరంలో ఉన్నవారికి ఇవ్వడం. మానిన దానికీ ఇచ్చిన దానికీ లంకె ఉండాలి. లేకపోతే ఉపవాసం ఒంటి బరువు తగ్గించుకునే పథకంలా మారిపోతుంది.

కతోలిక నియమం ప్రకారం భస్మ బుధవారం, మంచి శుక్రవారం ఉపవాసం. అది 18 ఏళ్లు నిండినవారికి, 60వ ఏట అడుగుపెట్టేదాకా. మాంసం మానడం 14 ఏళ్లు నిండినవారికి. షుగరు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మందుల మీద ఉన్నవారు భోజనం మానొద్దు. మాట, ఫోను, కొనుగోళ్లు తగ్గించుకోవడం కూడా ఉపవాసమే. వేసుకోవాల్సిన మందులు మానేసి ఉపవాసం ఉండటం భక్తి కాదు.

మధ్యలో ఒక రోజు తప్పితే? మరుసటి రోజు కొనసాగించండి. రెండు రోజులది ఒకేసారి తీర్చేయాలని చూడొద్దు. తప్పింది కాబట్టి ఈ ఏడుకి ఇంతేనని వదిలేయనూ వద్దు.

*పవిత్ర వారం.* మట్టల ఆదివారం నుంచి ఈస్టర్ దాకా ఉండే ఈ వారానికి మాత్రం సెలవు ముందే అడిగి పెట్టుకోండి. గురువారం సాయంత్రం యోహాను 13, పాదాలు కడిగిన కథ. శుక్రవారం యోహాను 18, 19. శనివారం ఏమీ చేయకండి. నిజంగానే ఏమీ వద్దు. పండుగ పనులన్నీ శనివారం పగలే పెట్టుకుని ఆ నిశ్శబ్దాన్ని పోగొట్టుకుంటాం. వంట, సర్దుడు బుధవారానికే ముగించుకోండి. శనివారం చీకటి పడ్డాక జరిగే జాగరణకు వెళ్లగలిగితే తప్పక వెళ్లండి. కతోలిక సంఘంలో పాత నిబంధన నుంచి ఏడు పఠనాల దాకా ఉంటాయి. వాటిలో నిర్గమకాండం 14, సముద్రం దాటిన ఘట్టం, ఎప్పుడూ వదలరు. వెళ్లలేనివారు ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, పెద్ద కొవ్వొత్తి వెలిగించి ఆ అధ్యాయం చదవండి.

*పాస్కా కాలం.* నా మనసంతా ఇక్కడే ఉంది. నలభై రోజులు కష్టపడి ఉపవాసముంటాం, ఈస్టర్ మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయిందనుకుంటాం. ఇంకా నలభై తొమ్మిది రోజులున్నాయి. ఉపవాసం కన్నా సంతోషం పొడవు. 325లో నికేయా మహాసభ ఆదివారాల్లోనూ పెంతెకోస్తు దినాల్లోనూ, అంటే ఈ యాభై రోజుల్లోనూ, మోకరించకుండా నిలబడి ప్రార్థించాలని ఒక నియమమే పెట్టింది. లేచినవాడి పిల్లలు లేచి నిలబడాలని ఆ తరంవాళ్లకు అంత పట్టుదల.

చేయాల్సింది ఇది: ఆ పెద్ద కొవ్వొత్తిని పెంతెకోస్తు దాకా రోజూ భోజనం వేళ వెలిగించండి. అపొస్తలుల కార్యములు చదవండి. మొత్తం 28 అధ్యాయాలు, రెండు రోజులకొకటి చొప్పున చదివితే కొంచెం ఎక్కువవుతుంది, కాబట్టి ఆదివారాల్లో మరొకటి కలిపితే హాయిగా పూర్తవుతుంది. కాగితం మీద యాభై గళ్లు గీసి రోజుకొక గడిలో ఆ రోజు దొరికిన ఒక మేలు రాయండి. పిల్లలున్న ఇంట్లో ఇది అన్నిటికన్నా బాగా సాగుతుంది. ఆరోహణానికీ పెంతెకోస్తుకూ మధ్య తొమ్మిది రోజులు శిష్యులు మేడగదిలో ప్రార్థించినట్టు మీరూ ఒక్క మనవి మీదే నిలిచి ప్రార్థించండి.

*సామాన్య కాలం.* కొత్తగా ఏమీ పెట్టుకోవద్దు. ఆ ఏటి సువార్తను మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవండి, ఆదివారాన్ని ఆదివారంగా ఉంచుకోండి. అంతే.

9. పెన్నుతో రాసే ముందు సరిచూసుకోండి

- భస్మ బుధవారం ఫిబ్రవరి 4కూ మార్చి 10కీ మధ్య, పెంతెకోస్తు మే 10కీ జూన్ 13కూ మధ్య ఉన్నాయా?
- ఈస్టర్ నుంచి పెంతెకోస్తు దాకా రెండు చివరలూ కలిపి లెక్కపెడితే 50 రావాలి. 49 వచ్చిందంటే ఒక చివర వదిలారు.
- క్రీస్తురాజు పండుగకూ ఆగమనం మొదటి ఆదివారానికీ మధ్య సరిగ్గా ఒక్క వారమే ఉండాలి.
- పవిత్ర వారంలో మరో పండుగ పడిందా? మార్చి 25న వచ్చే మంగళవార్త పండుగ (దేవదూత మరియకు కబురు చెప్పిన రోజు) 2027లో పవిత్ర గురువారం మీద పడుతోంది. అలాంటప్పుడు అది పాస్కా రెండో ఆదివారం మరునాటికి, అంటే ఏప్రిల్ 5కు జరుగుతుంది. పాత పట్టిక చూసి తేదీలు ఎక్కించేవారు దీన్ని ఎప్పుడూ మరిచిపోతారు.
- మీ లెక్కకూ గుడిలో ఇచ్చిన పట్టికకూ తేడా వస్తే, ముందు మీది మరొకసారి చేయండి. ఇంకా తేడా ఉంటే అది ఆరోహణం లాంటి, వేరే తేదీకి జరిపే పండుగలదే అయి ఉంటుంది. అక్కడ మీ సంఘం తేదీనే తీసుకోండి, ఒంటరిగా పండుగ చేసుకోవడంలో అర్థం లేదు.

ఆఖరుగా ఒక పాత ఆనవాయితీ మీ పనికి సాయపడుతుంది. క్యాలెండర్లు చేతికి అందని రోజుల్లో జనవరి 6న, జ్ఞానులు వచ్చిన పండుగనాడు, ఆ ఏటి భస్మ బుధవారం, ఈస్టర్, ఆరోహణం, పెంతెకోస్తు, ఆగమనం తేదీలను గుడిలో పాడి ప్రకటించేవారు. ఇప్పటికీ కొన్ని గుడుల్లో వినబడుతుంది. మీ గుడిలో చేస్తుంటే ఆ రోజు పెన్సిలు పట్టిక జేబులో పెట్టుకుని వెళ్లండి. ఒక్కో తేదీ వినబడుతుంటే మీదానితో సరిపోల్చుకుని, ఇంటికొచ్చి పెన్నుతో దిద్దండి.